ప్లేస్టేషన్‌కు మౌస్ తగిలిస్తే ఏం మారుతుంది?

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల, కాజీపేటలో ఎన్‌ఐటీ దగ్గర, గంటకు ఇంత అని తీసుకుని వీడియో గేములు ఆడించే గదులు ఉంటాయి. ఒక పక్కన కంప్యూటర్లు, ఇంకో పక్కన సోఫాలు, ఎదురుగా గోడకు పెద్ద టీవీ, దాని కింద ప్లేస్టేషన్. కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ల చేతిలో మౌస్ ఉంటుంది, సోఫాలో కూర్చున్నవాళ్ల చేతిలో కంట్రోలర్. ఫుట్‌బాల్, క్రికెట్, కార్ల రేసు ఆడినంతసేపు ఈ తేడా ఎవరికీ పట్టదు. తుపాకీ ఆట మొదలైందంటే మాత్రం పంచాయితీ అక్కడే పుడుతుంది. "వాడు మౌస్ పెట్టి ఆడుతుండు, మనమెట్ల గెలుస్తం?" అని ఒకరు. "నీకు ఎయిమ్ అసిస్ట్ ఉన్నది గదా, గన్ను దానంతట అదే తిరుగుతది" అని ఇంకొకరు.

ఎయిమ్ అసిస్ట్ అంటే కంట్రోలర్‌తో ఆడేవాడికి గురి పెట్టడంలో ఆటే చేసే సాయం. ఇద్దరూ చెప్పేది నిజమే. అందుకే ఈ వాదన ఏళ్ల తరబడి తెగడం లేదు. ఎవరి చేతిలో ఏ పరికరం ఉందన్నది అసలు గొడవ కాదు. ఎదుటివాడు ఏం పట్టుకుని ఆడుతున్నాడో తెలియకపోవడం అసలు గొడవ. అది అర్థం కావాలంటే ముందు ఈ రెండు పరికరాలు ఎలా పనిచేస్తాయో దగ్గరగా చూడాలి.

నల్లా పద్ధతి, సోల పద్ధతి

కంట్రోలర్ మీద రెండు బొటనవేళ్ల కింద రెండు స్టిక్‌లు ఉంటాయి. ఎడమ స్టిక్‌తో ఆటలోని మనిషి నడుస్తాడు, కుడి స్టిక్‌తో చూపు తిరుగుతుంది. కుడి స్టిక్‌ను పక్కకు వంచి పట్టుకున్నంతసేపూ చూపు తిరుగుతూనే ఉంటుంది, వదిలితే ఆగుతుంది. కొద్దిగా వంచితే మెల్లగా, మొత్తం వంచితే వేగంగా. అంటే స్టిక్ చెప్పేది తిరిగే వేగం ఒక్కటే. ఎంత దూరం తిరగాలో ఆటగాడే సమయాన్ని బట్టి అంచనా వేసుకుని, సరైన క్షణంలో వేలు వదలాలి. నల్లా కింద బిందె పెట్టి నింపడం ఇలాంటిదే. ధార ఎంత పెద్దగా రావాలో మన చేతిలో ఉంది కానీ, బిందె అంచుకు రాగానే కట్టేయాల్సింది మనమే. ఒక్క క్షణం ఆలస్యమైనా పొర్లిపోతుంది. ముందే కట్టేస్తే వెలితి.

మౌస్ అలా కాదు. చేయి ఎంత దూరం జరిగితే చూపు అంతే తిరుగుతుంది, చేయి ఆగితే చూపూ ఆగుతుంది. ఇది సోలతో కొలిచి పోయడం. రెండు సోలలు కావాలంటే రెండు సోలలే పడతాయి, గడియారం చూడక్కర్లేదు.

లెక్కలో చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మౌస్‌ను 30 సెంటీమీటర్లు జరిపితే చూపు ఒక పూర్తి చుట్టు తిరిగేలా సెట్టింగ్ పెట్టుకున్నామనుకుందాం. ఒక సెంటీమీటరుకు 12 డిగ్రీలు. ఆటలో 50 మీటర్ల దూరంలో, అంటే రెండున్నర క్రికెట్ పిచ్‌ల అవతల, ఒక శత్రువు నిలబడి ఉన్నాడు. తల వెడల్పు 20 సెంటీమీటర్లు అనుకుంటే మన కంటికి అది దాదాపు 0.23 డిగ్రీలు. మౌస్ మీద ఆ తల మొత్తం వెడల్పు 0.2 మిల్లీమీటరు లోపే. చెప్పుకుంటే అసాధ్యం అనిపిస్తుంది కానీ, 800 డీపీఐ మౌస్ అంగుళానికి 800 అడుగులు లెక్కపెడుతుంది కాబట్టి ఆ వెడల్పులో దానికి ఆరు అడుగుల దాకా దొరుకుతాయి. మణికట్టు, వేళ్లు కలిసి పనిచేస్తే మనిషి చేయి ఆ సన్నదనాన్ని అందుకోగలదు. సూదిలో దారం ఎక్కించే చేయి అదే కదా.

ఇప్పుడు స్టిక్ సంగతి. మొత్తం వంచితే సెకనుకు 200 డిగ్రీలు తిరిగే సెట్టింగ్ అనుకుందాం. వెనకనుంచి ఎవరో కాల్చారు, వెనక్కి తిరగాలి. 180 డిగ్రీలు తిరగడానికి 0.9 సెకను పడుతుంది. ఆటలో అది చచ్చిపోవడానికి చాలినంత సమయం. మౌస్ పట్టుకున్నవాడు 15 సెంటీమీటర్లు ఒక్క విసురు విసిరితే ఆ పని అయిపోతుంది. పోనీ తిరిగే వేగం పెంచుకుందామంటే దూరంలో ఉన్న తలమీద గురి నిలవదు. సెకనుకు 200 డిగ్రీలంటే, టీవీ సెకనుకు 60 బొమ్మలు చూపిస్తుంటే, ఒక్కో బొమ్మకు మూడు డిగ్రీలకు పైగా చూపు జరుగుతుంది. గురి పెట్టాల్సిన తలేమో పావు డిగ్రీ కూడా లేదు. వేగం కావాలంటే సన్నదనం పోతుంది, సన్నదనం కావాలంటే వేగం పోతుంది. స్టిక్‌తో ఆడేవాళ్లందరి తిప్పలూ ఈ ఒక్క చోటే ఉన్నాయి.

అద్దె గదుల్లో దీనికి ఇంకో తిప్ప తోడవుతుంది. పొద్దున్నుంచి రాత్రిదాకా పది చేతులు మారే కంట్రోలర్‌లో స్టిక్ అరిగిపోతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా చూపు మెల్లగా ఒక పక్కకు జారిపోతుంటుంది. దీన్నే డ్రిఫ్ట్ అంటారు. అప్పుడు గది నడిపేవాళ్లు సెట్టింగుల్లోకి వెళ్లి డెడ్‌జోన్ పెంచుతారు. స్టిక్ నడిమి చుట్టూ కొంత మేర కదలికను పట్టించుకోవద్దని ఆటకు చెప్పడం అన్నమాట. జారడం ఆగుతుంది. కానీ సన్నగా గురి సరిదిద్దుకునే ఆ కొద్దిపాటి కదలిక కూడా దాంతోపాటే పోతుంది. కొత్తగా వచ్చిన పిల్లవాడు తనకు ఆట రావడం లేదనుకుని బాధపడతాడు. నిజానికి అతని చేతిలో పెట్టిన పరికరమే సగం మొద్దుబారి ఉంది.

స్టిక్ గెలిచే చోటు కూడా లేకపోలేదు. నడకలో దానిదే పైచేయి. కీబోర్డులో డబ్ల్యూ, ఏ, ఎస్, డీ మీటలు నొక్కితే ఎనిమిది దిక్కులే. ఒత్తితే పరుగు, వదిలితే ఆగడం. ఎడమ స్టిక్‌తో ఏ కోణంలోనైనా, ఎంత మెల్లగానైనా నడవొచ్చు. కార్లు, విమానాలు నడిపే చోట ఇది బాగా పనికొస్తుంది. తుపాకీ ఆటలో మాత్రం గురి ముందు నడక లాభం చిన్నదే.

ఈ తేడా ఆటగాళ్లు కనిపెట్టింది కాదు. 1978లోనే స్టువర్ట్ కార్డ్, విలియం ఇంగ్లిష్, బెట్టీ బర్ అనే ముగ్గురు జెరాక్స్ పరిశోధనశాలలో తెర మీది అక్షరాలను ఎంచుకునే పనికి మౌస్‌ను, వేగం చెప్పే జాయ్‌స్టిక్‌ను, మీటలను పోల్చి చూశారు. మౌస్ అన్నిటికన్నా త్వరగా పని ముగించింది, తప్పులూ తక్కువే. మనిషి కన్ను, చేయి కలిసి ఎంత వేగంగా గురి పెట్టగలవో, మౌస్ దాదాపు ఆ హద్దు దగ్గరే ఉందని వాళ్లు తేల్చారు. ఈనాటి తుపాకీ ఆటలు అప్పటికి ఇంకా రాలేదు.

ఎయిమ్ అసిస్ట్ ఎందుకు పుట్టింది

1990లలో కంప్యూటర్ మీద తుపాకీ ఆటలు పెరిగినప్పుడు మొదట చాలామంది కీబోర్డుతోనే ఆడారు. ఎడమ చేయి మీటల మీద, కుడి చేయి మౌస్ మీద పెట్టి ఆడే తీరు జనంలోకి రావడానికి థ్రెష్ అనే పేరుతో ఆడిన డెనిస్ ఫాంగ్ ఒక పెద్ద కారణం. 1997లో క్వేక్ పోటీ గెలిచి, ఆ ఆట తయారు చేసిన జాన్ కార్మాక్ సొంత ఫెరారీ కారును బహుమతిగా తీసుకెళ్లాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు కంప్యూటర్ మీద ఇంకో పద్ధతి గురించి పెద్దగా ఎవరూ ఆలోచించలేదు. వరంగల్ ఇంజినీరింగ్ హాస్టళ్లలో కౌంటర్ స్ట్రైక్ ఆడి రాత్రుళ్లు తెల్లారబెట్టిన తరానికి ఈ చేతుల అమరిక సైకిల్ తొక్కడమంత సహజం.

కన్సోల్ (ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి, టీవీకి తగిలించే గేమ్ యంత్రం) తయారీదారులకు ఆ వెసులుబాటు లేదు. సోఫాలో కూర్చున్నవాడి ముందు బల్ల ఉండదు. అందుకని లోటును ఆటలోపలే పూడ్చారు. 1997లో నింటెండో 64 మీద వచ్చిన గోల్డెన్‌ఐ 007 గురిని తనంతట తాను శత్రువు వైపు లాగేది. 2001లో ఎక్స్‌బాక్స్‌తోపాటు వచ్చిన హేలో ఈ సాయాన్ని ఆటగాడికి తెలియనంత నాజూగ్గా చేసింది. గురి శత్రువు మీదికి రాగానే స్టిక్ కాస్త బరువెక్కినట్టు చూపు నెమ్మదిస్తుంది. తూటా కొంచెం పక్కనుంచి పోతున్నా తగిలినట్టు లెక్కేస్తుంది. ఆడేవాడికి తన గురి బాగా కుదిరినట్టే ఉంటుంది. కన్సోల్ మీద తుపాకీ ఆటలు కోట్లమందికి చేరాయంటే అందులో ఈ సాయం పాత్ర చాలా పెద్దది. దీన్ని మోసం అనడం సరికాదు. మెట్లు ఎక్కలేనివాళ్లకు ర్యాంపు కట్టినట్టు, పరికరం లోటుకు ఆట తయారు చేసినవాళ్లే పెట్టిన సర్దుబాటు ఇది.

అయితే ఎయిమ్ అసిస్ట్‌లో అన్నీ ఒక్క రకం కాదు. చూపు నెమ్మదించడం ఒకటి. రెండోది, శత్రువు పక్కకు జరిగితే వాడితోపాటు మన చూపునూ కొంత తిప్పడం. దీన్ని రొటేషనల్ ఎయిమ్ అసిస్ట్ అంటారు. మౌస్ ఆటగాళ్లకు కడుపు మండేది ఈ రెండోదాని దగ్గరే, వాళ్ల బాధకు గట్టి కారణం ఉంది. దగ్గరి పోరులో శత్రువు కుడికి పోతున్నవాడు హఠాత్తుగా ఎడమకు మళ్లాడనుకోండి. కంటితో చూసి, మెదడు గ్రహించి, చేయి కదలడానికి మనిషికి ఒక సెకనులో అయిదో వంతు, అంటే 200 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. ఎంత సాధన చేసినా అది సున్నా కాదు. కంప్యూటర్‌కు మాత్రం శత్రువు దిక్కు మార్చిన మరుక్షణమే, ఆ బొమ్మలోనే తెలిసిపోతుంది. కాబట్టి మౌస్ పట్టుకున్నవాడి చేయి ఇంకా కదలకముందే, కంట్రోలర్ పట్టుకున్నవాడి చూపు ఎడమకు తిరగడం మొదలైపోతుంది. దూరం నుంచి కాల్చుకునే చోట మౌస్ గెలుస్తుంది, ఇరుకు గదిలో కంట్రోలర్ గెలుస్తుంది అని ఆటగాళ్లు అనుభవంతో చెప్పే మాట వెనక ఉన్న లెక్క ఇదే.

పెద్ద పోటీలను చూస్తే ఈ సాయం ఎంత బలమైందో తెలుస్తుంది. హేలో ఇన్ఫినిట్‌ను కంప్యూటర్ మీద మౌస్‌తో ఆడే వీలున్నా, పోటీల్లో పైవరుసలో ఆడేవాళ్ల చేతుల్లో కంట్రోలర్లే కనిపిస్తాయి. అపెక్స్ లెజెండ్స్‌లో ఏళ్లుగా మౌస్‌తో పేరు తెచ్చుకున్న ప్రొఫెషనల్ ఆటగాళ్లు కొందరు దాన్ని పక్కన పెట్టి కంట్రోలర్ పట్టారు. చివరికి 2024 ఆగస్టులో ఆ ఆట తయారీదారులు పీసీ లాబీల్లో (ఒక మ్యాచ్ కోసం ఆటగాళ్లను కలిపి కూర్చే గుంపును లాబీ అంటారు) కంట్రోలర్‌కు ఇచ్చే సాయాన్ని పావు వంతు తగ్గించారు. మౌస్ ఉన్నవాడే ఎప్పుడూ గెలుస్తాడన్న మాట అన్ని చోట్లా చెల్లదు.

తలుపు తెరిచినవాళ్లు, కిటికీ దూకినవాళ్లు

కన్సోల్‌కు మౌస్ తగిలించడం కొత్త సంగతి కాదు. సెగా డ్రీమ్‌కాస్ట్‌కు కీబోర్డు, మౌస్ రెండూ ఉండేవి. 2000లో దాని మీద వచ్చిన క్వేక్ 3 అరీనాను వాటితో ఆడొచ్చు, కంప్యూటర్ మీద ఉన్నవాళ్లతో తలపడొచ్చు కూడా. ప్లేస్టేషన్ 2 ముందు భాగంలో ఉన్న యూఎస్‌బీ రంధ్రాలకు మామూలు మౌస్ పెట్టి 2001లో హాఫ్-లైఫ్ ఆడినవాళ్లు ఉన్నారు. కానీ ఇవన్నీ అక్కడొకటి ఇక్కడొకటి. అసలు మలుపు 2018 నవంబర్‌లో వచ్చింది. ఎక్స్‌బాక్స్ వన్‌కు మైక్రోసాఫ్ట్ అధికారికంగా మౌస్, కీబోర్డు సౌకర్యం ఇచ్చింది. వార్‌ఫ్రేమ్, ఫోర్ట్‌నైట్ ఆటలు మొదటి వరుసలో చేరాయి. మరుసటి ఏడాది వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ: మోడరన్ వార్‌ఫేర్ ప్లేస్టేషన్ 4 మీద కూడా మౌస్‌ను ఒప్పుకుంది.

ఇక్కడ గమనించాల్సిన మెలిక ఒకటుంది. కన్సోల్‌లో మౌస్ పెట్టే రంధ్రం ఉన్నంత మాత్రాన ప్రతి ఆటా దాన్ని ఒప్పుకోదు. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆట తయారు చేసినవాళ్ల నిర్ణయం. ఒప్పుకున్న చోట సాధారణంగా రెండు షరతులు ఉంటాయి. మౌస్ పట్టుకున్నవాడికి ఎయిమ్ అసిస్ట్ ఉండదు. అతన్ని తనలాంటివాళ్లతోనో, కంప్యూటర్ ఆటగాళ్లతోనో కలిపి ఆడిస్తారు. చేతిలోని పరికరాన్ని బట్టి జోడీ కట్టడం అన్నమాట.

ఉత్తర తెలంగాణలో తుపాకీ ఆటలు ఫోన్‌లో నేర్చుకున్న కుర్రాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పబ్‌జీ మొబైల్‌ను కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ (ఫోన్ ఆటను కంప్యూటర్ మీద నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని మౌస్‌తో ఆడితే ఎమ్యులేటర్ వాళ్ల లాబీలోనే పడేవారు. జట్టులో ఒక్కడు ఎమ్యులేటర్ మీద ఉంటే మిగతా ముగ్గురు ఫోన్ మీద ఉన్నా అందరూ ఆ లాబీకే పోయేవారు. "నువ్వు ఎమ్యులేటర్ ఐతే మా స్క్వాడ్‌ల వద్దు" అన్న మాట 2020లో ఆ ఆట నిషేధమయ్యేదాకా కరీంనగర్‌లో, మంచిర్యాలలో, వరంగల్‌లో వినపడిన మాటే. అది వెలివేయడం కాదు. బొటనవేలితో ఆడేవాళ్ల పోటీ బొటనవేలితో ఆడేవాళ్లతోనే ఉండాలన్న న్యాయం.

ఆ న్యాయాన్ని తప్పించుకోవడానికి పుట్టినవే అడాప్టర్లు. అగ్గిపెట్టెకు కాస్త పెద్దగా ఉండే డబ్బా. ఒక వైపు మౌస్, కీబోర్డు పెడతారు, ఒక వైపు అసలైన కంట్రోలర్‌ను పెడతారు, మూడో వైర్ కన్సోల్‌కు వెళుతుంది. కన్సోల్ గుర్తింపు అడిగితే అసలైన కంట్రోలర్ జవాబిస్తుంది. ఆ వెనక మౌస్ కదలికను డబ్బా స్టిక్ భాషలోకి మార్చి పంపుతుంది. క్సిమ్ అనే పేరుతో వచ్చే పరికరాలు ఈ కోవలో బాగా తెలిసినవి. క్రోనస్ జెన్ లాంటివి ఇంకో అడుగు ముందుకేసి, తుపాకీ పేలినప్పుడు పైకి తన్నే రికాయిల్‌ను తామే కిందికి లాగే స్క్రిప్టులు కూడా నడుపుతాయి.

ఈ మార్పిడి అంత తేలిక కాదు. మౌస్ చెప్పేది దూరం, స్టిక్‌కు తెలిసింది వేగం. సోలతో కొలిచి పోసిన నీళ్లను నల్లా ఎంత విప్పాలన్న లెక్కలోకి మార్చి, అదీ ప్రతి క్షణం చేయాలి. ఒక్కో ఆటలో స్టిక్ వంపుకూ తిరిగే వేగానికీ లంకె ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి ప్రతి ఆటకూ విడి లెక్క కావాలి. పైగా ఆటలో తిరిగే వేగానికి ఒక గరిష్ఠ హద్దు ఉంటుంది. మౌస్‌ను దానికన్నా వేగంగా విసిరితే ఆ మిగులు గాలికి పోతుంది, చేయి ఆగినా చూపు అందుకోలేకపోతుంది. అసలైన మౌస్‌తో ఆడి అలవాటైనవాడు అడాప్టర్ పెట్టగానే ఏదో బురదలో చేయి పెట్టినట్టుందని అనడానికి కారణం ఇదే.

మరి అంత కష్టపడి ఎందుకు పెడతారు? ఆట దృష్టిలో అతను ఇంకా కంట్రోలర్ ఆటగాడే కాబట్టి. ఎయిమ్ అసిస్ట్ అలాగే ఉంటుంది, కంట్రోలర్ వాళ్ల లాబీయే దొరుకుతుంది. చేయి మౌస్ సన్నదనంతో పనిచేస్తుంది, పైనుంచి స్టిక్ లోటు కోసం పెట్టిన సాయం కూడా కలిసొస్తుంది. ఎయిమ్ అసిస్ట్‌ను తప్పుపట్టలేం, మౌస్‌నూ తప్పుపట్టలేం. కానీ రెండింటినీ ఒకే చేతిలో పెట్టుకుని, ఎదుటివాడికి తెలియకుండా వాడి లాబీలో కూర్చోవడం కచ్చితంగా తప్పు. ఎదుటివాడు ఆ తెలియని తేడాను తన చేతగానితనం అనుకుని గంటల కొద్దీ సాధన చేస్తాడు. ఆ శ్రమకు విలువ లేకుండా చేయడమే ఇందులో ఉన్న అన్యాయం.

ఓవర్‌వాచ్ ఆట డైరెక్టర్‌గా ఉన్న జెఫ్ కప్లాన్ 2017లోనే ఈ మాట సూటిగా అన్నాడు. కన్సోల్ కంపెనీలు మౌస్‌ను, అడాప్టర్లను పూర్తిగా ఆపాలి, లేదా అందరికీ బాహాటంగా సౌకర్యం ఇవ్వాలి అని. రెండింట్లో ఏదీ అప్పట్లో పూర్తిగా జరగలేదు. 2023 వచ్చేసరికి కంపెనీలు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. రెయిన్‌బో సిక్స్ సీజ్ ఆటలో దాని తయారీ సంస్థ యూబీసాఫ్ట్ మౌస్‌ట్రాప్ అనే ఏర్పాటు తెచ్చింది. అడాప్టర్ వాడుతున్నవాణ్ని ఆటలోంచి గెంటేయడం కాకుండా, అతని చేతి కదలిక తెర మీదికి చేరడాన్ని మెల్లమెల్లగా ఆలస్యం చేస్తుంది. మౌస్ వల్ల వచ్చే లాభమంతా అలా కరిగిపోతుంది. అడాప్టర్ తీసేసి కొన్ని మ్యాచ్‌లు ఆడితే ఆలస్యం పోతుంది. తప్పు దిద్దుకునే దారి తెరిచి ఉంచిన ఈ శిక్ష, ఇప్పటిదాకా వచ్చినవాటిలో తెలివైనది. అదే ఏడాది డెస్టినీ 2, కాల్ ఆఫ్ డ్యూటీ తయారీదారులు కూడా ఇలాంటి పరికరాల మీద చర్యలు ప్రకటించారు. నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ అనుమతి లేని పరికరాలను ఎక్స్‌బాక్స్ స్థాయిలోనే ఆపేయడం మొదలుపెట్టింది.

ఆ చివరి నిర్ణయం దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. చేతివేళ్లు సరిగా కదలనివాళ్లు, ఒక్క చేయే ఉన్నవాళ్లు కొందరు ఇలాంటి డబ్బాల సాయంతోనే తమకు వీలైన పరికరాన్ని కన్సోల్‌కు కలుపుకుంటారు. వాళ్లకు మౌస్ పైచేయి కోసం కాదు, ఆడగలగడం కోసం. దొంగను పట్టే వలలో వాళ్లు చిక్కుకోకూడదు. 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్, 2023 చివర్లో సోనీ తెచ్చిన యాక్సెస్ కంట్రోలర్ మంచి ప్రయత్నాలే. అయినా మౌస్‌ను బాహాటంగా ఒప్పుకుని వేరే లాబీ ఇచ్చే ఆటలు పెరిగితే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది.

మన దగ్గర చిన్న చిన్న పోటీలు పెట్టేవాళ్లు ఈ విషయంలో కంపెనీల కోసం ఎదురుచూడక్కర్లేదు. ఎంట్రీ ఫీజు తీసుకుని, గెలిచినవాడికి నగదు ఇచ్చే పోటీ అయితే పోస్టర్ మీద తేదీ, సమయంతోపాటు "కంట్రోలర్ మాత్రమే" అనో "మౌస్ కూడా ఉంటుంది" అనో ఒక వరుస రాయాలి. గదిలో ఎదురెదురుగా ఆడే పోటీలో వైర్ ఎక్కడికి పోతోందో కళ్లకు కనిపిస్తుంది. ఇంట్లోంచి ఆడే పోటీలోనే మోసానికి సందు ఎక్కువ. ఆ పోటీలకు బహుమతి చిన్నదిగా ఉంచడం నిర్వాహకులకే మంచిది.

హాల్‌లో మౌస్ ఎక్కడ పెట్టాలి

ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకు వచ్చింది. అంత పెట్టి కొన్నాక ఇంట్లో ఉన్న పాత మౌస్ తగిలించి చూద్దామనుకోవడం సహజం. అప్పుడు ఎదురయ్యే మొదటి ప్రశ్న పరికరాలది కాదు, కూర్చునే తీరుది. టీవీ హాల్‌లో గోడకు ఉంటుంది. ఎదురుగా దివాన్, కింద దరీ. మౌస్‌ను దివాన్ పరుపు మీద పెడితే కూరుకుపోతుంది. కొత్తవాడ మగ్గాల మీద నేసిన దరీ కూర్చోవడానికి ఎంత హాయో, మౌస్‌కు అంత గడ్డు నేల. మౌస్ అడుగున ఉండే సెన్సర్ కింది ఉపరితలాన్ని సెకనుకు వేల ఫొటోలు తీసి, ఒక ఫొటోకూ తర్వాతి ఫొటోకూ తేడా చూసి ఎంత జరిగిందో లెక్కేస్తుంది. మందపాటి నూలు పోగులు ఎగుడుదిగుడుగా ఉంటే మౌస్ ఒకచోట పట్టేస్తుంది, ఒకచోట జారుతుంది. గురి వణుకుతుంది.

చాలా ఇళ్లలో దీనికి విరుగుడు స్కూలు సంచిలోంచి వస్తుంది. పరీక్ష అట్ట. బాసిపట్టు వేసుకుని కూర్చుని, అట్టను కుడి మోకాలి మీదికి ఆనించి దాని మీద మౌస్, ఎడమ తొడ మీద కీబోర్డు. నున్నటి అట్ట మీద మౌస్ బాగానే జారుతుంది. కాకపోతే అట్ట వెడల్పు 30 సెంటీమీటర్లకు తక్కువే కాబట్టి పూర్తి చుట్టు తిరగాలంటే మౌస్‌ను ఎత్తి మళ్లీ మొదటికి పెట్టుకోవాలి. క్లిప్పు ఉన్న వైపు తగులుతుంది, అందుకని అట్టను తిప్పి పెట్టుకోవాలి. 2019లో రేజర్ కంపెనీ ఎక్స్‌బాక్స్ కోసం అమ్మకానికి పెట్టిన టరెట్ అనే ఒడి కీబోర్డు చేసే పని కూడా ఇదే. పక్కనుంచి చిన్న మౌస్ పలక బయటికి లాగేలా ఉంటుంది. అమెరికాలో అప్పట్లో దాని ధర 250 డాలర్లు. గంటసేపటికి మించి ఆడాలంటే మాత్రం ఒడి మానేసి, మోచేయి ఆనేంత ఎత్తులో ఒక చదువుకునే బల్ల, కుర్చీ టీవీ ముందుకు జరుపుకోవడమే మెడకు, మణికట్టుకు క్షేమం.

ఇంకో చోట డబ్బు వృథా అవుతుంటుంది. మామూలు ఆఫీసు మౌస్ సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి తన కదలికను చెబుతుంది. గేమింగ్ మౌస్ 1000 సార్లు చెబుతుంది. ఆ ఏడు మిల్లీసెకన్ల కోసం వేలు ఖర్చుపెట్టి, టీవీని మాత్రం సినిమా మోడ్‌లోనే ఉంచి ఆడేవాళ్లు చాలామంది. బొమ్మను నున్నగా చూపించడానికి టీవీ లోపల చేసే పని వల్ల చాలా టీవీల్లో 50 మిల్లీసెకన్లకు మించి ఆలస్యమవుతుంది. రిమోట్‌లో గేమ్ మోడ్ నొక్కితే ఆ ఆలస్యంలో చాలా భాగం పోతుంది, పైసా ఖర్చు లేదు. స్టిక్ మీద అంతగా తెలియని ఈ ఆలస్యం మౌస్ పెట్టగానే చేతికి తగులుతుంది. చేయి ఆగిపోయినా చూపు ఇంకా జరుగుతున్నట్టు ఉంటుంది. మౌస్ బాగాలేదని దుకాణానికి తిరిగి తీసుకుపోయే ముందు రిమోట్ చూడాలి.

ఫోన్‌లో నేర్చిన విద్య

ఇంతసేపూ రెండు దారుల గురించే చెప్పుకున్నా, మూడోది ఒకటుంది. వరంగల్ కుర్రాళ్లకు దానిలో ఇప్పటికే మంచి పట్టు ఉంది. 2021 జులైలో పబ్‌జీ మొబైల్‌కు బదులుగా బీజీఎంఐ వచ్చాక దాన్ని గట్టిగా ఆడేవాళ్లు చాలామంది స్కోప్ (తుపాకీ మీది దుర్బీను) తెరిచాక వేలితో గురి సరిచేయరు. ఫోన్‌నే కొద్దిగా వంచుతారు. స్ప్రే కొట్టేటప్పుడు, అంటే ఆపకుండా కాల్చేటప్పుడు, తుపాకీ పైకి తన్నుతుంటే ఫోన్ పై అంచును మెల్లగా ముందుకు వాలుస్తారు. ఆ వంపును పసిగట్టే సెన్సర్ పేరు జైరో. చేయి ఎంత వంగితే చూపు అంత తిరుగుతుంది, అంటే ఇదీ సోల పద్ధతే.

ప్లేస్టేషన్ 4, 5 కంట్రోలర్ల లోపల ఇదే జైరో ఉంది. నింటెండో 2015లో స్ప్లటూన్ ఆటలో దీన్ని ముఖ్యమైన గురి పద్ధతిగా చేసి చూపించింది. ఫోర్ట్‌నైట్ 2022లో ప్లేస్టేషన్ మీద దీన్ని చేర్చింది. స్టిక్‌తో పెద్ద మలుపు తిప్పి, చివరి ఒకటి రెండు డిగ్రీలు మణికట్టుతో సరిచేసుకోవడం అలవాటైతే బల్ల అక్కర్లేదు, అడాప్టర్ అక్కర్లేదు, దివాన్ మీంచి లేవక్కర్లేదు. లాబీ గొడవ కూడా రాదు, ఎందుకంటే ఆట దృష్టిలోనూ నిజంలోనూ చేతిలో ఉన్నది కంట్రోలరే. ఏళ్ల తరబడి ఫోన్‌ను వంచి కాల్చిన చేతికి ఇది ఒక వారంలో కుదురుతుంది. మౌస్ మొదటినుంచి నేర్చుకోవాలంటే నెలలు పడుతుంది. అందుకే ఫోన్ నుంచి ప్లేస్టేషన్‌కు మారేవాళ్లు మౌస్ కొనే ముందు ఆట సెట్టింగుల్లో మోషన్ లేదా జైరో అన్న వరుస ఉందేమో వెతకాలి. మొదట స్కోప్ తెరిచినప్పుడు మాత్రమే పనిచేసేలా పెట్టుకుని, సెన్సి (సెన్సిటివిటీ) తక్కువలో మొదలుపెడితే తలనొప్పి రాదు.

ఎక్స్‌బాక్స్‌తో వచ్చే మామూలు కంట్రోలర్‌లో జైరో లేదు. ఏ కన్సోల్ తీసుకోవాలా అని ఇంకా ఆలోచిస్తున్నవాళ్లు ఈ ఒక్క సంగతీ లెక్కలో వేసుకోవాలి.